స్పెయిన్ అప్పలనాయుడు

డ్రెస్సర్ అచ్చయ్యతో ఏ మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి స్పెయిన్ దేశంలో తేలేది. వాన పడేలా ఉందంటే స్పెయిన్‌లో వానలో జరిగిన ఫుట్‌బాల్ ఆట సంగతి ఎత్తుకునేవాడు. పులుసులో ఉప్పు తక్కువైందని భార్య నొచ్చుకుంటే, ఉప్పు తగ్గించి తినబట్టే ఆ మహానుభావుడి పిక్కలు అంత గట్టిపడ్డాయని ఓదార్చేవాడు. మహానుభావుడి పేరు అపెల్లానిజ్. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఏదో ఊరి జట్టుకు ఫార్వర్డు. అంటే అవతలివాళ్ళ మీదికి దూసుకుపోయి బంతిని గోల్లోకి తన్నడమే అతని ఉద్యోగం. అచ్చయ్య అతణ్ణి ఏనాడూ చూడలేదు. స్పెయిన్‌నీ చూడలేదు. ఆ మాటకొస్తే ఆయన పక్కనున్న పినాంగు దీవి దాటి అవతల అడుగు పెట్టింది లేదు.

కూతురు రత్నావతికి తండ్రంటే ప్రాణం. కానీ నలుగురిలో ఆయన నోరు విప్పాడంటే ఆమెకు చెవుల దాకా వేడెక్కిపోయేది.

మలయా దేశంలో సుంగై పెటాని ఊరి నుంచి తూర్పుగా, మట్టిరోడ్డు మీద లారీలో గంట దూరం వెళితే ఆ రబ్బరు తోట. చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే కూలీలంతా ఇంచుమించు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్ళ పిల్లలే. అక్కడివాళ్ళను చూసి మాట చివర ఉత్తినే 'లా' అని తగిలించడం వాళ్ళకు అలవాటైపోయింది. అచ్చయ్య తండ్రి ఆ తోటలోనే గుమాస్తాగా పనిచేశాడు. అచ్చయ్య నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని డిస్పెన్సరీలో డ్రెస్సర్ అయ్యాడు. అసలు డాక్టరు ఎప్పుడో ఒకసారి కారులో వచ్చి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాడు. పుళ్ళు, పళ్ళు, పురుళ్ళు, పాముకాట్లు అన్నీ అచ్చయ్యవే.

ఆ స్పెయిన్ ఆసామి ఇంతదూరం ఎలా వచ్చాడంటే, కాగితం మీద వచ్చాడు. దొర బంగళాలో చదివి పారేసిన ఇంగ్లీషు పత్రికలను మందు పొట్లాలు కట్టడానికి డిస్పెన్సరీకి పంపేవారు. యుద్ధం అయిపోయి జపానువాళ్ళు వెళ్ళిపోయిన కొత్తలో, అచ్చయ్య ఒకనాడు క్వినైను పొట్లం కడుతూ ఆగిపోయాడు. ఆ కాగితం మీద ఒక మనిషి గాలిలో పడుకుని ఉన్నాడు. తల కింద నేల లేదు. కాళ్ళు మాత్రం ఆకాశం మీద ఉన్నాయి, బొటనవేలి కొసన బంతి. కింద ఉన్న నాలుగు వరసలు అచ్చయ్య కూడబలుక్కుని చదివాడు. అతను చెప్పులు కుట్టే ఇంట పుట్టాడట. ఊళ్ళో పసిపిల్లలకు అతని పేరే పెడుతున్నారట. ఆట అయ్యాక జనం అతణ్ణి కాలు నేల మీద పెట్టనివ్వక ఇంటిదాకా భుజాల మీద మోసుకుపోతారట. ఆ రోగికి క్వినైను వేరే కాగితంలో వెళ్ళింది. బొమ్మ అద్దం కట్టించుకుని, రాజుగారి పటానికీ సింహాద్రి అప్పన్న పటానికీ నడుమ గోడెక్కింది.

మోకాలి నొప్పితో వచ్చిన మరిడమ్మ ఆ పటాన్ని చూసి, కాళ్ళు పైకి పెట్టుకున్న ఈ దేవుడెవరని అడిగింది. అచ్చయ్య భక్తిగా అపెల్లానిజ్ అన్నాడు. మరిడమ్మకు అది అప్పలనాయుడని వినిపించింది. ఆమె మర్నాడు మందారప్పువ్వు తెచ్చి పటానికి పెట్టి, మోకాలు తగ్గితే కోడిపిల్లను ఇస్తానని మొక్కుకుంది. మోకాలు తగ్గింది. దాంతో తోటంతా అతను స్పెయిన్ అప్పలనాయుడై కూర్చున్నాడు. వాళ్ళది బొబ్బిలి పక్క ఊరేననీ, మలయా రావలసిన ఓడ దారితప్పి స్పెయిన్‌లో దింపేసిందనీ ఒకరు కనిపెట్టారు. ఆ ఓడలోనే తమ మేనమామ కూడా ఎక్కవలసిందని ఇంకొకరు నిట్టూర్చారు. అచ్చయ్య దేన్నీ కాదనలేదు. మా నాయుడు అనేవాడు.

పన్ను పీకవలసి వస్తే ఆయన పద్ధతి వేరు. రోగిని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, పట్టకారు వెనక దాచుకుని, ఆట మొదలుపెట్టేవాడు. నాయుడు బంతి తీసుకున్నాడు, ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి పడేశాడు, గోల్కీపరు ముందుకొచ్చాడు అంటూ వచ్చి, గోలు అనే మాటతో పాటు పన్ను బయటికి లాగేవాడు. లారీ డ్రైవరు రెంగసామి దవడపన్ను మొండిది. నాయుడు రెండుసార్లు తన్నినా బంతి స్తంభానికి తగిలి వెనక్కే వచ్చింది. నోరు తెరుచుకుని అలసిపోయిన రెంగసామి, ఆ గోలేదో అవతలివాళ్ళనే వేసుకోమను, నన్ను వదిలేయమను అని సైగలతో బతిమాలాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నవ్వేవాళ్ళకు ఇదంతా బాగానే ఉండేది. రత్నావతి బాధ రత్నావతిది. ఆమె సుంగై పెటానిలో పిన్ని ఇంట్లో ఉండి ఇంగ్లీషు బడిలో చదివి, తిరిగొచ్చి తోట బడిలో టీచరమ్మ అయింది. ఇస్త్రీ చీర, కాలికి చెప్పులు, చేతిలో గొడుగు. ఆమెకు ఒక గౌరవం కావలసి ఉంది. బడిని తనిఖీ చేయడానికి ఒక అధికారి వచ్చిన రోజున పిల్లలకు జేజేలు నేర్పింది, ఎక్కాలు నేర్పింది. ఆయన మెచ్చుకుని, పోతూ పోతూ, ఇంతకీ లోకంలో అందరికంటే గొప్పవాడు ఎవరర్రా అని సరదాగా అడిగాడు. రాజుగారంటారని ఆయన ఆశ. దేవుడంటారని రత్నావతి ఆశ. పిల్లలు చేతులు కట్టుకుని ఒక్క గొంతుతో అప్పలనాయుడన్నారు. ఆయన ఎవరని అధికారి అడిగితే, డ్రెస్సరు బాబుగారి మనిషండీ అన్నారు. అధికారి టీచరమ్మ వైపు చూశాడు. టీచరమ్మ నల్లబల్ల వైపు చూసింది.

ఆ రోజులు మంచివి కావు. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళకూ సర్కారుకూ పోరు నడుస్తోంది. ఎమర్జెన్సీ అనేవారు. అడవిలోవాళ్ళకు తోటల నుంచి బియ్యం అందుతోందని, కూలీల ఇళ్ళన్నిటినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దు పొడిచాక ఒక్క గేటు తీసేవారు. పనికి వెళ్ళే ప్రతి మనిషినీ అక్కడ సోదా చేసి వదిలేవారు. మగవాళ్ళను మగ కావలివాళ్ళు, ఆడవాళ్ళను ఒక ఆడమనిషి. గుమాస్తాలకూ వాళ్ళ ఇంటివాళ్ళకూ ఆఫీసు పక్కన వేరే దారి ఉండేది. రత్నావతి ఎప్పుడూ ఆ దారినే వెళ్ళేది.

ఆ గేటు దగ్గర అచ్చయ్య పిచ్చి ముదిరింది. డిస్పెన్సరీ తెరవకముందే, తెల్లకోటు వేసుకుని, నిక్కరుతో, గడ్డకట్టిన రబ్బరుపాల తుక్కు చుట్టి చేసిన బంతి ఒకటి చంకలో పెట్టుకుని అక్కడికి బయలుదేరేవాడు. రోడ్డుకు ఆ పక్కన, కావలి గుడిసె ముందు నిలబడి, నిన్నటి ఆట చెప్పడం మొదలుపెట్టేవాడు. చెప్పడంతో ఊరుకునేవాడు కాదు. ఆడి చూపించేవాడు. నాయుడూ ఆయనే, గోల్కీపరూ ఆయనే, ఈల వేసే రిఫరీ కూడా ఆయనే. చివరికి ఆ పటంలో ఉన్నట్టే గాలిలోకి లేవబోయి, దబ్బున ఎర్రమట్టిలో పడేవాడు. వరసలో నిలబడ్డ జనమంతా విరగబడి నవ్వేవారు. కావలివాళ్ళు తుపాకులు గోడకు ఆనించి మరీ నవ్వేవారు. ఆయన కోటు ఉతికి ఉతికి భార్య అన్నమ్మ చేతులు కాయలు కాశాయి. ఆమె మొగుణ్ణి ఒక్క మాట అనేది కాదు. అది కూడా రత్నావతికి మింగుడుపడేది కాదు.

ఇంతలో పిన్ని ఒక సంబంధం తెచ్చింది. కౌలాలంపూర్‌లో అబ్బాయి రైల్వే ఆఫీసులో పని. తండ్రి అక్కడి తెలుగువాళ్ళలో పెద్దమనిషి. ఉదయాన్నే మంచి గడియ ఉందని, రాత్రి సుంగై పెటానిలో బస చేసి, తెల్లవారగానే టాక్సీ కట్టించుకుని బయలుదేరారు. ఆ టాక్సీ సరిగ్గా సోదా వేళకు గేటు ముందు ఆగింది. పెళ్ళికొడుకు తండ్రి అద్దం దించి చూశాడు. నడివయసు మనిషి ఒకడు తెల్లకోటుతో గాలిలోకి లేచి, వచ్చి వాళ్ళ టాక్సీ ముందు చక్రం పక్కన వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు లేవకుండానే, గోలు అన్నాడు. ఈ పిచ్చివాణ్ణి బయట వదిలేశారేమని పెద్దమనిషి అడిగాడట. గేటు కావలి అరుముగం సెల్యూట్ చేసి, పిచ్చివాడు కాదండీ, మా డాక్టరు అన్నాడట.

తర్వాత కాసేపటికి రత్నావతి కాఫీ పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. అప్పటికే తండ్రి తల దువ్వుకుని, కోటు మార్చి కూర్చున్నాడు. చెవి వెనక ఎర్రమట్టి అలాగే ఉంది. పెళ్ళికొడుకు తండ్రి దాన్ని చూసి గుర్తుపట్టాడు. అచ్చయ్య కూడా ఆయన్ని గుర్తుపట్టి, ఇందాక మీరు సగంలో వెళ్ళిపోయారు, రెండో సగం అసలు ఆట అన్నాడు. అమ్మాయి ఏం చదివిందని వాళ్ళు అడిగితే, నాయుడికి చదువు లేదు గాని బంతి చదవడం తెలుసన్నాడు. వంశంలో ఎవరికైనా ఏదైనా జబ్బు ఉందా అని పెద్దమనిషి జాగ్రత్తగా అడిగాడు. మోకాలు ఒకటి కొంచెం బలహీనం, కట్టు కట్టుకుని ఆడతాడు అన్నాడు అచ్చయ్య. వచ్చినవాళ్ళు కాఫీ కూడా చల్లారకముందే లేచారు. అమ్మాయి లక్షణంగా ఉంది, కానీ అలాంటివి రక్తంలో ఉంటాయేమో అని పిన్నితో చెప్పి పంపారు.

రత్నావతికి ఆ అబ్బాయి మీద పెద్ద మోజేం లేదు. వాడు మొహం పైకెత్తి చూసిందే లేదు. అయినా పిన్ని ఆ మాట చెప్పి వెళ్ళిన సాయంత్రం ఆమె తండ్రి ముందు నిలబడింది. 

"నాన్నా, డిస్పెన్సరీలో నీకు నచ్చింది సెప్పుకో. ఆ గేటుకాడ ఆట మాత్రం మానీయి."

అచ్చయ్య బంతికి కొత్త తుక్కు చుడుతున్నాడు. చేతులు ఆగాయి.

"నీకు సిగ్గేస్తన్నాదా అమ్మీ?"

"సచ్చిపోవాలన్నంత సిగ్గేస్తన్నాది."

అన్నమ్మ వంటింటి గుమ్మంలోంచి ఏదో అనబోయింది. అచ్చయ్య ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. బంతిని మంచం కిందికి తోశాడు. సరే అమ్మీ, మానీసినాను అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన గేటు దగ్గరికి పోలేదు. తిన్నగా డిస్పెన్సరీకి పోయి, సీసాలు తుడుచుకుంటూ కూర్చునేవాడు. రోగులు ఆట అడిగితే, నాయుడికి ఒంట్లో బాగోలేదనేవాడు. మరిడమ్మ పటానికి ఇంకో కోడిపిల్లను మొక్కింది.

ఆ వారంలోనే రత్నావతికి బడి పుస్తకాల కోసం సుంగై పెటాని వెళ్ళే పని పడింది. ఆఫీసు లారీ చెడిపోయి షెడ్డులో ఉంది. ఆఫీసు దారి చుట్టు తిరుగుడు, పెద్దరోడ్డు మీద పొద్దున్నే వచ్చే బస్సు అందుకోవాలంటే కూలీల గేటు ఒక్కటే దారి. ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని, ఆమె మొదటిసారి ఆ వరసలో నిలబడింది.

ముందుగా ఆమెకు తెలిసింది నిశ్శబ్దం. ఎవరూ మాట్లాడటం లేదు. రోడ్డుకు ఈ పక్క ఆడవాళ్ళు, ఆ పక్క మగవాళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. నడుమ సోదా చేసే ఆడమనిషి. చాటుకు ఒక తడిక కూడా లేదు. రత్నావతి వంతు వచ్చింది. ఆ మనిషి ఆమె గొడుగు విప్పి చూసింది. సిగముడి విప్పి జుట్టులో వేళ్ళు పెట్టి చూసింది. చీర కుచ్చెళ్ళు తడిమింది. నడుము చుట్టూ రెండు చేతులూ తిప్పింది. పైట పక్కకు తొలగించమంది. రత్నావతి తల తిప్పితే ఎదురుగా మగవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అందులో ఆమె దగ్గర చదివే పిల్లల తండ్రులు ఉన్నారు. పాపం, చూడటానికి వాళ్ళకు ఇంకేమీ లేదు. వాళ్ళకు ఒక పక్కగా, కావలి గుడిసె ముందు అరుముగం సిగరెట్టు కాలుస్తూ తీరిగ్గా చూస్తున్నాడు. తండ్రి పడి లేచే ఆ చోటంతా ఖాళీగా ఉంది.

జుట్టు ముడి వేసుకుంటూ ఆమె గేటు దాటింది.  ముందుగా సోదా అయిపోయి, గేటు అవతల గంప సర్దుకుంటున్న మరిడమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ అయ్యకి జొరమేటి టీచరమ్మా? ఆ బాబు అటు ఎగిరి పడతంటే అందరూ అటే సూసినారు ఇన్నాళ్ళూ. ఇటు సూసినోడే లేడు. మా కోడలికి పాలు తాగే పిల్ల ఉన్నాది లా. రైక తడిసిపోయి ఉంటాది. దాని వంతు ఒస్తే ఏడుస్తన్నాది."

 రత్నావతికి తన సిగ్గు గురించి తండ్రి ముందు ఎంత గట్టిగా మాట్లాడిందో గుర్తుకొచ్చింది. ఆయన బంతిని మంచం కిందికి తోసేయడం గుర్తుకొచ్చింది. అన్నమ్మ ఎందుకు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది. దూరంగా మలుపులో బస్సు హారన్ వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. మరిడమ్మ కోడలు కూర్మమ్మ వరసలో ముందుకొచ్చి, రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

రత్నావతి బస్సు వైపు పోలేదు. గేటులోంచి మళ్ళీ లోపలికి వచ్చి, రోడ్డు దాటి, కావలి గుడిసె ముందు ఎర్రమట్టిలో నిలబడింది.  పిల్లల చేత పద్యాలు వల్లెవేయించే గొంతు ఒకటే ఆమెకు ఉంది. ఆ గొంతే తెరిచింది.

"అందరూ ఇటు సూడండి. నిన్న స్పెయిన్‌లో అప్పలనాయుడు ఏటి సేసినాడో సెబుతాను."

అన్ని తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. తిరిగాక గాని ఆమెకు తెలియలేదు, తనకు ఫుట్‌బాల్ ఆట ఏమీ రాదని. చిన్నప్పటి నుంచి తండ్రి ఎప్పుడు మొదలుపెట్టినా ఆమె చెవులు మూసుకునేది. ఇక ఆగడానికి లేదు. నాయుడు బంతి తీసుకున్నాడంది. బంతిని గట్టిగా కావలించుకుని, ఎవరికీ ఇవ్వకుండా, పరుగెత్తుకుంటూ పోయి గోల్లో పడుకున్నాడంది.

మగవాళ్ళ వరస కదిలింది. చిన్నప్పన్ అనే మేస్త్రీ, ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకునేవాడు, తట్టుకోలేక ముందుకొచ్చాడు.

"సేత్తో పట్టుకున్నాడా టీచరమ్మా?"

"రెండు సేతుల్తో," అంది రత్నావతి. అబద్ధం చెప్పాక గట్టిగా చెప్పాలని ఆమెకు తోచింది.

అది తప్పని ఒకడన్నాడు. నాయుడు అలాంటివాడు కాదని ఇంకొకడు. స్పెయిన్‌లో రూలు వేరేమోనని మూడోవాడు. గోల్కీపరు ఏం చేశాడని ఎవరో అడిగితే, అతను ఆ వేళకు భోజనానికి వెళ్ళాడని టీచరమ్మ చెప్పింది. అరుముగం సిగరెట్టు పారేసి వాదనలో దిగాడు. అందరూ ఆమెనే చూస్తూ, ఆమె మీదికే అరుస్తూ, నవ్వుతూ ఉన్నారు. ఆ గోలలో ఆమె తన్ని చూపించబోయింది. కాలి చెప్పు ఊడి గాలిలోకి లేచి కావలి గుడిసె కప్పు మీద పడింది. తాను జారి మట్టిలో కూర్చుండిపోయింది. అరుముగం నిచ్చెన కోసం పరుగెత్తాడు. ఆమె కళ్ళెత్తి చూసేసరికి కూర్మమ్మ గేటు అవతల ఉంది. పైట సరిచేసుకుని, ఎవరూ చూడకుండా, బాట పట్టి వెళ్ళిపోతోంది.

బస్సు పోయింది. రత్నావతి ఒక కాలికే చెప్పుతో, మట్టి చీరతో తోట నడుమ నుంచి డిస్పెన్సరీకి వచ్చింది. దారిలో కనిపించిన వాళ్ళందరూ నవ్వారు. ఆమెకు నేలలోకి దిగిపోవాలనిపించింది. రోజూ ఆ మట్టితో ఇదే దారిన నడిచి వచ్చి, అప్పుడే మందు సీసాల ముందు నవ్వుతూ నిలబడే మనిషి ఒకాయన ఉన్నాడని తెలిసి, మరీ దిగిపోవాలనిపించింది.

వార్త ఆమె కంటే ముందే చేరింది. అచ్చయ్య గిన్నెలో దూది ముంచి ఆమె మోచేతి గీత తుడవడం మొదలుపెట్టాడు.  తుడుస్తూ ఉండగానే ఆగలేకపోయాడు.

"ఫార్వర్డు సేత్తో ముట్టుకోడమ్మీ. అలా అన్నావంటే ఆడి పరువు పోతాది."

రత్నావతి ఏడుస్తూ అడిగింది. "నాకెందుకు సెప్పినావు కావు నాన్నా?"

"సెబితే నీకు తెలుస్తాది. నీకు తెలిస్తే ఇంకొకరికి తెలుస్తాది. ఆడోళ్ళని సూడకుండా ఉండడానికి నన్ను సూస్తన్నామని మొగోళ్ళకి తెలిసిపోతే, మళ్ళీ ఆళ్ళనే సూస్తారు. పిచ్చోడనుకుంటేనే పని జరుగుతాది."

"నీకు సిగ్గెయ్యలేదా?"

అచ్చయ్య దూది పారేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఎయ్యకేటి. రోజూ బంతి తీసుకుని గడపకాడికెల్లి, మళ్ళీ ఎనక్కొచ్చి మంచం మీద కూకుంటాను. మీ అమ్మనడుగు. ఆ పెళ్ళోళ్ళ కారు ముందు పడ్డప్పుడయితే లెగాలనిపించలేదు. నీ పెళ్ళి పాడుసేసినానని తెలుసు. అప్పుటికి వరసలో ఇంకా ఆడోళ్ళున్నారు, అందుకని గోలు అన్నాను."

ఆమె తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఆయన ఆమె జుట్టులో మట్టి దులుపుతూ, ఇంతకీ గోల్కీపరు భోజనానికి ఎల్లినాడన్నావటగదా, ఆ మాట బాగున్నాది, నాకు తట్టలేదు అన్నాడు.

మర్నాటి నుంచి గేటు దగ్గర ఇద్దరు కనిపించారు. తండ్రి ఎగిరి పడేవాడు. కూతురు రిఫరీగా ఈల వేసేది. ఆయన నడుం పట్టేసిన రోజుల్లో ఆమె ఒక్కతే చెప్పేది. నెమ్మదిగా ఆట నేర్చుకుంది. నేర్చుకున్నాక, నాయుడి ఆటకు కొత్త విద్యలు కూడా అబ్బాయి. ఎడమ కాలుతో తన్నే విద్య ఆమె నేర్పిందే. బడిలో పిల్లల ముందు ఆమె గౌరవం ఏమైనా తగ్గిందేమో గాని, ఎక్కాలు అప్పచెప్పకపోతే ఆట చెప్పనంటే చాలు, తరగతి మొత్తం గడగడా అప్పచెప్పేది. ఆ మధ్యలోనే తల్లినీ మరిడమ్మనూ వెంటబెట్టుకుని దొర దగ్గరికి వెళ్ళి, ఆడవాళ్ళ సోదాకు నాలుగు పక్కలా తడికలు కట్టించి తీరాలని ఇంగ్లీషులో అడిగింది. ఆయన చూద్దామన్నాడు. మళ్ళీ వెళ్ళింది. ఆయన కట్టించాడు. తడికలు లేచాక కూడా ఆట ఆగలేదు. మగవాళ్ళు ఒప్పుకోలేదు.

మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చే ముందే ఆ వైపు సోదాలు పోయాయి. ముళ్ళకంచె చుట్టలు చుట్టి లారీల్లో పట్టుకుపోయారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున బడి మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. పిల్లలు పాడారు, పాయసం పంచారు. పక్క తోట జట్టుతో ఫుట్‌బాల్ ఆడి, ఆడినవాళ్ళూ చూసినవాళ్ళూ గడ్డి మీద కూలబడ్డారు. ఈ పండగ రోజున నాయుడి ఆట ఒకటి చెప్పాలని అందరూ డ్రెస్సరు బాబు మీద పడ్డారు. అచ్చయ్య లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. నాయుడు ఆట మానేశాడని చెప్పాడు.

 ఎప్పుడని మరిడమ్మ అడిగింది. మోకాలు పోయి మానేశాడనీ, చానా ఏళ్ళ కిందటే పేపర్లో చిన్న ముక్కగా పడిందనీ, ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే చేపల కొట్టు పెట్టుకున్నాడట అనీ అచ్చయ్య చెప్పాడు. ఇన్నాళ్ళూ చెప్పకపోవడం తప్పేనన్నాడు. ఇక్కడ మనకి అవసరం ఉన్నన్నాళ్ళూ ఆణ్ణి ఆడనిచ్చాను, కంచె పోయింది గదా, ఆడికీ కాస్త ఇస్రాంతి ఇవ్వాలి గదా అన్నాడు.

రత్నావతికీ ఈ సంగతి తెలియదు.  చిన్నప్పన్ లేచి, లెక్క తప్పిన మనిషిలా చుట్టూ చూశాడు.

"మరి మొన్న ఎడంకాల్తో ఏసిన గోలు ఎవుడిది లా?"

అచ్చయ్య కూతురి వైపు చెయ్యి చూపించాడు.

"మా అమ్మాయిది."

జనం అంతా ఆమె వైపు తిరిగి చూశారు. అప్పుడు పక్క తోట జట్టు కెప్టెన్ లెచ్చుమనన్, ఆ రోజు ఓడిపోయి కోపంగా కూర్చున్నవాడు, చొక్కా దులుపుకుని లేచి నిలబడ్డాడు. తమ ఫార్వర్డు కాలు బెణికి పడుకున్నాడనీ, వచ్చే ఆదివారం టీచరమ్మకు వేరే పనులేమైనా ఉన్నాయా అనీ ఎంతో మర్యాదగా అడిగాడు.